కణంలో దొర ఉన్నాడా?

తిరుమలగిరిలో నేను పుట్టి పెరిగిన ఇంటి వెనక తాటివనం ఉంది. మా మేనమామ నలభై ఏళ్లుగా అందులో చెట్లెక్కుతున్నాడు. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. వార్షిక పరీక్షల ముందు ఒక ఆదివారం ఆయన మనవరాలి నోటుపుస్తకం మా ఇద్దరికీ తగువు పెట్టింది. "కేంద్రకం కణానికి దొర. మిగతా కణాంగాలన్నీ దాని జీతగాళ్లు" అని అందులో ఉంది. ఆ వాక్యం నాదే. పిల్లలకు గుర్తుండాలని బోర్డు మీద నేనే రాశాను. మామ ఏడో తరగతితో బడి మానేశాడు గానీ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదువుతాడు. ఆ సాయంత్రం మోకు, ముస్తాదు గోడకు తగిలించి, నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

మామ: ఇది నువ్వు రాయిచ్చినవా బిడ్డా?

నేను: నేనే మామా. ఏమైంది?

మామ: కణంల దొర ఎందుకున్నడు? ఊర్లల్ల దొరలను ఎల్లగొట్టి ఎన్నేండ్లాయె. మళ్ల వచ్చి నా మనుమరాలి ఒంట్ల కూసున్నడా?

నేను: అది ఉత్త పోలిక మామా. పిల్లలకు అర్థం కావాలంటే ఏదో ఒక పోలిక చెప్పాలె కదా.

మామ: నా బాధ ఆ పోలికతోనే. మా నాయిన గడికి రోజూ లొట్టెడు కల్లు ఉత్తపుణ్యానికి పోసిండు. చెట్టు ఎక్కింది ఆయన, గీసింది ఆయన, జారి కాలు ఇరగ్గొట్టుకున్నది ఆయన. ఏ చెట్టు కల్లు తియ్యగుంటే ఆ చెట్టు దొరకు. చేసేటోడు ఒకడు, ఏలేటోడు ఒకడు అన్నది మనుషులు పెట్టుకున్న రీతి. చెట్టుల, ఒంట్ల కూడ గట్లనే ఉంటదని బడిల చెప్తే, గడి కూడ పుట్టుకతోని వచ్చిందే అనుకుంటరు పిల్లలు.

నేను: నీ కోపం నాకు తెలుసు. కానీ నీకు నచ్చలేదని ఒంట్లో ఉన్నది లేకుండ పోతదా? డీఎన్ఏ ఉండేది కేంద్రకంలో. ఏ మాంసకృత్తు ఎట్ల తయారు కావాలో రాసి ఉన్నది అందులోనే. అసిటాబులేరియా అని సముద్రంలో ఒక నాచు ఉంటది. వేలెడు పొడుగు ఉంటది గానీ మొత్తం ఒక్కటే కణం. కింద పాదం, నడుమ కాడ, పైన గొడుగు. కేంద్రకం ఉండేది పాదంలో. 1930లలో జర్మనీలో హెమర్లింగ్ అనే ఆయన ఒక జాతి పాదానికి ఇంకో జాతి కాడను అంటు కట్టిండు. కొత్తగా మొలిచిన గొడుగు చివరికి ఎవరి తీరు వచ్చిందంటవు? కాడ తీరు కాదు, పాదం తీరు. అంటే కేంద్రకం చెప్పినట్టే వచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలె?

మామ: పాదం కోసేసిన కాడ ఉత్తదే పెడితే ఎన్నొద్దులు బతికింది?

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. అబద్ధం చెప్పలేను.

నేను: నెలల తరబడి. ఒక్కోసారి కేంద్రకం లేకుండనే ఒక గొడుగు కూడ మొలిపించింది.

మామ: అద్గదీ! దొర ఊరిడిసి పోయినా నెలలకు నెలలు ఎవుసం నడిచిందంటున్నవు.

నేను: నడిచింది, ఎందుకంటే కేంద్రకం ముందే పంపిన చీటీలు కాడలో నిల్వ ఉన్నయి. ఆ చీటీలు అయిపోయినంక ఇంకో గొడుగు రాలేదు.

మామ: చీటీలున్నంత కాలం పని చేసింది ఎవరు? చీటీనా, చీటీ చదివినోడా?

ఇక్కడ నేను మాట మార్చి ఆయన చెట్టు దగ్గరికే వెళ్లాను. అక్కడైతే గెలుస్తాననుకున్నాను. నిజానికి నేను ఓడిపోవడం మొదలైంది అక్కడే.

నేను: సరే, తాటిచెట్టు సంగతి చెప్పు. మొవ్వు కొట్టేస్తే ఏమైతది?

మామ: చెట్టు చస్తది. వేప నరికితే పక్కకు చిగురేస్తది. తాడుకు ఒక్కటే మొవ్వు.

నేను: మరి చెట్టంతటికీ మొవ్వు దొర కాదా?

మామ: మొవ్వు ఎవరికి హుకుం ఇస్తది బిడ్డా? అది చెట్టుల అన్నిటికంటె లేతది. కొత్త మట్ట ఆడికెళ్లి రావాలె. అది పోతే కొత్త మట్ట రాదు, పాతయి ఎండినంక చెట్టు పోతది. ఇంట్ల ఉన్న ఒక్క పసిపిల్ల పోతే వంశం ఆగిపోతది. గంత మాత్రాన పసిపిల్లను దొర అంటమా?

వృక్షశాస్త్రం చెప్పేది అచ్చంగా ఇదే. తాటి కొనలో ఉండేది విభాజ్య కణజాలం. అక్కడి కణాలకు ఇంకా ఏ వృత్తీ లేదు. అవి విడిపోతూ ఉంటాయి. వాటి సంతానంలో కొన్ని ఆకు అవుతాయి, కొన్ని పీచు అవుతాయి, కొన్ని రసం మోసే గొట్టాలవుతాయి. వేప కాండం ఏటేటా లావెక్కినట్టు తాటి కాండం లావెక్కదు. వేపలో పాత గొట్టాల స్థానంలో కొత్తవి పుడుతుంటాయి. తాటికి ఆ వసతి లేదు. మొదట్లో పుట్టిన రసనాళాలే చెట్టు ఉన్నన్నాళ్లూ, దశాబ్దాల పాటు పని చేయాలి. ఈ సంగతి మామకు చెబుతుండగానే, దాని వెనక ఉన్న ఇంకో నిజం గుర్తొచ్చి నా నోరు ఆగింది.

మామ: ఏమాయె? ఆగినవు?

నేను: నీకు పనికొచ్చే మాట ఒకటుంది మామా. చెప్పాల్నా వద్దా అని చూస్తున్న.

మామ: పంతులమ్మవు. దాస్తవా?

నేను: నువ్వు గెల గీస్తే కారేది పోషక కణజాలం రసం. ఆకులు వండిన చక్కెర నీళ్లు. ఆ రసం పారేది చాలనీ నాళాలలో. జల్లెడ తీరుగ అడ్డుపొరలకు బొక్కలుంటయి కాబట్టి ఆ పేరు. ఆ నాళం ఒక్కో కణం ఒక్కో కణం పేర్చినట్టుంటది. అవన్నీ బతికున్న కణాలే. కానీ వాటిల్లో కేంద్రకం ఉండదు. ఎదిగే టైముకు తమ కేంద్రకాన్ని తామే కరిగించుకుంటయి, రసానికి దారి ఇయ్యడానికి.

మామ చాలాసేపు ఏమీ అనలేదు. వనం వైపు చూశాడు.

మామ: అంటే నలభై ఏండ్ల సంది నేను తాపిన కల్లు, మా నాయిన గడికి పోసిన కల్లు, నీ బీఈడీ ఫీజు కట్టిన కల్లు, అంతా దొర లేని కణాలల్లకెళ్లి వచ్చిందే?

నేను: ప్రతి చుక్కా. కానీ ఆగు, కథ ఆడికే అయిపోలే. ప్రతి చాలనీ కణం పక్కన ఒక సహకణం ఉంటది. దానికి కేంద్రకం ఉంటది. నడుమ గోడకు సన్నని సందులుంటయి. చాలనీ కణానికి కావలసిన మాంసకృత్తులు ఆ సందుల్లకెళ్లే వస్తయి. ఆ రెండూ ఒక్క తల్లి కణం రెండుగా చీలితే పుట్టినయి. కేంద్రకం లేనిది కేంద్రకం ఉన్నదాని మీద ఆధారపడ్డది. ఇది నా దిక్కు మాట.

మామ: ఒక్క తల్లి పిల్లలు. ఒకరు బయట బరువు మోస్తరు, ఒకరు ఇంట్ల వండిపెడతరు. మీ అమ్మ నేను ఉన్నట్టు. మా ఇద్దరిల దొర ఎవరే?

నేను: ...

మామ: పూటపూటకు ఎందుకు గీయాలెనో అది కూడ చెప్పు. ఒక్క పూట తప్పితే ధార సన్నబడతది.

నేను: దెబ్బ తగిలిన చాలనీ నాళం తన బొక్కలు తనే పూడ్చుకుంటది. కాలోజ్ అనే పదార్థం పేరుకుంటది. చెట్టు రసం వృథా పోకుండ చేసుకునే కట్టు అది. నువ్వు పొర పొర గీసి ఆ కట్టు తీసేస్తున్నవు.

మామ: ఆ కట్టు కట్టుమని ఎవరు చెప్తరు, కేంద్రకం లేకుంటే?

నేను: ఎవరూ చెప్పనవసరం లేదు. దానికి కావలసిన సామాను పొర దగ్గరే సిద్ధంగా ఉంటది. కోత పడంగనే నిమిషాల్లో మొదలైతది.

చెబుతుంటేనే నా వాదం నా చేతిలోంచి జారుతోందని తెలుస్తోంది. అయినా ఒక మాట నిలబెట్టాలి. కేంద్రకం లేని కణాలు మనిషి ఒంట్లోనూ ఉన్నాయి. ఎర్ర రక్తకణం ఎముక మజ్జలో పుట్టి, పక్వమయ్యేటప్పుడు కేంద్రకాన్ని బయటకు తోసేస్తుంది. దాదాపు 120 రోజులు పని చేసి పోతుంది. మన ఒంట్లో ఉన్నవి సుమారు 30 లక్షల కోట్ల కణాలని ఇటీవలి లెక్క. వాటిలో నూటికి 80కి పైగా ఎర్ర రక్తకణాలే. అంటే సంఖ్య ప్రకారం మన ఒంట్లో అత్యధిక కణాలకు కేంద్రకం లేదు. ఇది కూడా మామకు చెప్పాను.

నేను: కానీ చూడు, కేంద్రకం లేదు కాబట్టే ఆ కణం తనను తాను బాగు చేసుకోలేదు. పొర చిరిగితే కొత్త మాంసకృత్తు చేసుకునే రాత దాని దగ్గర లేదు. అందుకే 120 రోజులకు చస్తది. మజ్జలో సెకనుకు 20 లక్షలకు పైగా కొత్తవి పుట్టాల్సి వస్తది. కేంద్రకం విలువ పోయినంకనే తెలుస్తది.

మామ: విలువ లేదని నేనెప్పుడన్న? మోకు లేకుంటే నేను చెట్టెక్కలేను. మోకును దొర అని మొక్కుతనా?

చీకటి పడకముందే నేను లోపలికి వెళ్లి సూక్ష్మదర్శిని తెచ్చాను. పాఠం కోసం బడి నుంచి అడిగి తెచ్చుకున్నది. గాజు పలక మీద ఆ సాయంత్రం కల్లు ఒక చుక్క వేసి, అద్దం రెక్క కప్పి, మామను చూడమన్నాను. మొదట కనురెప్పలే అడ్డమొచ్చాయి. తరువాత నిలదొక్కుకున్నాడు.

మామ: చీమగుడ్ల లెక్క ఉన్నయి. కొన్నిటికి పక్కన చిన్న బుడిపె ఉన్నది.

నేను: అది ఈస్టు. బుడిపె దాని పిల్ల. పెరిగి విడిపోతది. అదీ ఒక్క కణం జీవే. దానికి కేంద్రకం ఉన్నది.

మామ: నడుమ నడుమ సన్న నూక తీరుగ కదులుతున్నయి?

నేను: బ్యాక్టీరియా. వాటికి కేంద్రకం లేదు, డీఎన్ఏ మాత్రం ఉంటది. పొర చాటు లేకుండ కణం నడుమ చుట్ట చుట్టుకొని పడి ఉంటది. తాటి జాతి చెట్ల కల్లులో జైమోమోనాస్ అని ఒకటి దొరుకుతది. ఈస్టు చేసే పనే అదీ చేస్తది. చక్కెరను విరిచి మత్తు పుట్టిస్తది.

మామ: కేంద్రకమున్నది, లేనిది ఒక్క లొట్టిల?

నేను: ఒక్క లొట్టిలో, ఒక్క పని. భూమ్మీద కేంద్రకం లేకుండ బతుకు నడిచిన కాలమే ముందు. కేంద్రకమున్న కణాలు వచ్చింది ఎంతో తర్వాత.

ఉల్లిపొర పలక కూడా చూశాడు. శాఫ్రనిన్ రంగు వేసిన పొర అది. ఇటుకల వరసల్లా కణాలు, ఒక్కోదాంట్లో ఒక ఎర్రచుక్క.

మామ: ఈ చుక్కనేనా దొర? మిగిలిందంతా ఖాళీగున్నది కదనే.

నేను: ఖాళీ కాదు మామా. రంగు అంటింది చుక్కకు కాబట్టి అదొక్కటే కనిపిస్తున్నది.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. వచ్చాకే దాని బరువు నాకు తెలిసింది. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి ఉత్త గోడలు, చచ్చిన కణాల గదులు. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ కణాల్లో ఆ చుక్కను గుర్తించి పేరు పెట్టాడు. మైటోకాండ్రియా మడతలు, అంతర్జీవ ద్రవ్యజాలం, రైబోజోములు స్పష్టంగా కనిపించాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రావాలి. అది కణాల మీదికి తిరిగింది 1940లలోనే. ఆ వందేళ్ల పైచిలుకు కాలం కణమంటే ఒక సంచి, అందులో ఒక చుక్క. తేటగా కనిపించేది ఎక్కువగా అదే కాబట్టి అధికారమంతా దానికే కట్టబెట్టాం. మా బడుల్లో ఇప్పటికీ అంతే. రంగు వేస్తాం, చుక్క చూపిస్తాం, దొర అంటాం. ఖాళీగా కనిపించే చోట ఎంతమంది పని చేస్తున్నారో పిల్లలకు చూపించే అద్దం మా దగ్గర లేదు. అయినా చూపించలేకపోవడం వేరు, అక్కడున్న వాళ్లను జీతగాళ్లనడం వేరు.

మామ: ఆ ఖాళీల ఎవరెవరున్నరు చెప్పు.

నేను: నువ్వు చెట్టెక్కుతుంటే పిక్కల్లో శక్తి పుట్టించేది మైటోకాండ్రియా. చక్కెరను, గాలిని వాడి ఏటీపీ అనే శక్తినిచ్చే పదార్థం తయారు చేస్తది. కండలో ఆ పదార్థాన్ని పట్టుకున్న వాళ్లలో మన తెలుగాయన ఉన్నడు, ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి అమెరికా పోయిండు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టిండు. మనిషి ఒంట్లో ఒక దినానికి తయారై ఖర్చయ్యే ఏటీపీ మొత్తం దాదాపు ఆ మనిషి బరువంత.

మామ: ఈ మైటోకాండ్రియాకు హుకుం కేంద్రకం ఇస్తదా?

నేను: సగం అవును. దానికి కావలసిన మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం కేంద్రకం రాతతోనే తయారైతయి. కానీ దానికి సొంత డీఎన్ఏ కూడ ఉన్నది, 37 జన్యువులు. ఒకప్పుడు అది విడిగా బతికిన బ్యాక్టీరియా. ఇంకో కణంలోకి పోయి అక్కడే కాపురం పెట్టిందని 1967లో లిన్ మార్గులిస్ అనే శాస్త్రవేత్త వాదించింది. మొదట్ల ఆమె మాటను చానామంది కొట్టిపారేసిండ్రు. ఇప్పుడు పాఠమే అయ్యింది.

మామ: అంటే ఇల్లరికపు అల్లుడు. సొంత పట్టా కొంత ఉంచుకున్నడు.

నేను: ఇంకోటి విను. మైటోకాండ్రియా తండ్రి నుంచి రాదు, తల్లి నుంచే వస్తది. అండంలో ఉన్నవే బిడ్డకు. నీకు వచ్చినయి అమ్మమ్మవి. మా అమ్మకు వచ్చినయీ అమ్మమ్మవే. నాకు మా అమ్మవి. అంటే నీ పిక్కల్లో ఉన్నవి, నాలో ఉన్నవి ఒక్క వరస. నీ కొడుకులకు రాలే, ఈ మనుమరాలికీ రాలే.

మామ నోటుపుస్తకం పక్కన పెట్టి నా తల మీద చెయ్యి వేశాడు. మేనమామ బంధానికి ఇంత లోతు ఉందని నాకూ పాఠం చెప్పేటప్పుడెప్పుడూ తట్టలేదు. ఈ తల్లి వరసను పట్టుకునే హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం అండమాన్ ఆదివాసుల పుట్టుపూర్వోత్తరాలు వెతికింది. ఆఫ్రికా నుంచి మనుషులు బయలుదేరిన తొలినాళ్ల వలసకు వాళ్లు వారసులని 2005లో సైన్స్ పత్రికలో రాసింది. 1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వంలో మొదలైన సంస్థ అది. తార్నాక వెళ్లే దారిలో హబ్సిగూడ దగ్గర ఉంటుంది. మా పిల్లల్లో ఒక్కరైనా అందులో అడుగుపెట్టాలని నా కోరిక.

మామ: సరే, దొర కాదంటె కేంద్రకాన్ని ఏమందాం?

నేను: నువ్వే చెప్పు.

మామ: దస్తరం. పట్వారీ కాడ ఉండేది చూడు, ఎవరి భూమి ఎంత, హద్దులేంది, అన్నీ రాసినది. అది కాలిపోతే ఊరు ఆగమైతది. కానీ దస్తరం నాగలి పట్టదు.

నేను: మంచిగుంది. కానీ పట్వారీ పెత్తనమంతా దస్తరంతోనే కదా నడిచింది? రాత ఎవరి చేతిలో ఉంటే వాడిదే రాజ్యం.

మామ: అందుకే అడుగుతున్న. మన ఒంట్ల ఆ దస్తరం చదివేదెవరు?

నేను: కేంద్రకమున్న అన్ని కణాలల్లో ఒక్కటే దస్తరం. ఎముక కణం కొన్ని పేజీలు తెరుస్తది, నరం కణం వేరే పేజీలు. ఏ పేజీ తెరవాల్నో కేంద్రకం తనంతట తాను తేల్చదు. కణద్రవ్యంలోకెళ్లి మాంసకృత్తులు లోపలికి పోయి తెరుస్తయి. వాటికి కబురు పక్క కణాల నుంచి వస్తది. కర్నాల్ పాడి పరిశోధన సంస్థలో 2009లో గేదె దూడను క్లోనింగ్ చేసినప్పుడు ఇదే జరిగింది. అండంలోని కేంద్రకం తీసేసి, వేరే కణం కేంద్రకం పెట్టిండ్రు. అప్పటిదాక ఒక్క పనికే అలవాటు పడ్డ ఆ కేంద్రకం, అండం కణద్రవ్యం నడుమకు రాంగనే మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

మామ: అంటే రాత లోపల, చదువు బయట.

నేను: రెండూ ఒకదాన్నొకటి చేసుకుంటయి. చదివే మాంసకృత్తు కూడ దస్తరంలో రాసి ఉన్నదే. ఎటు మొదలో చెప్పలేం. ఒక్క మాట మాత్రం నేను వదల మామా. రాతలో ఒక్క అక్షరం తప్పితే ఒంటికి ప్రాణం మీదికొస్తది. హిమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే ఎర్ర రక్తకణం కొడవలి తీరు వంగుతది. మన ఆదిలాబాద్, భద్రాచలం దిక్కు గూడేలల్లో ఆ జబ్బుతో పిల్లలు నొప్పులు పడుతున్నరు. ఆ దస్తరాన్ని తక్కువ చేసి చెప్పడానికి నేనొప్పుకోను.

మామ: తక్కువ చేయకు. ఎక్కువ చేయకు. మరి ఎప్పుడన్న ఏదన్న కణం ఎవ్వరి మాట ఇనకుండ అయితదా?

నేను: అయితది. పక్క కణాలు ఆగమన్నా ఆగదు. విడిపోతనే ఉంటది, అందరి తిండి తనే గుంజుకుంటది, రక్తనాళాలను తన దిక్కు మలుపుకుంటది. అదే క్యాన్సర్.

మామ: మరి ఒంట్ల దొర ఎవడో నువ్వే చెప్తివి కదనే.

నా దగ్గర జవాబు లేదు. మామ లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. నేను పలకలు తుడిచి పెట్టెలో పెట్టాను.

సోమవారం తొమ్మిదో తరగతిలో కణం బొమ్మ మళ్లీ గీశాను. దొర, జీతగాళ్లు అన్న మాటలు పిల్లలందరి చేతా కొట్టేయించాను. కేంద్రకం పక్కన "దస్తరం" అని రాశాను. మిగతా చోటంతా ఖాళీగా వదలకుండా మైటోకాండ్రియా, రైబోజోములు, గాల్జి సంక్లిష్టం గీసి నింపేసరికి పీరియడ్ అయిపోయింది.

ఇది చదివే జీవశాస్త్రం టీచర్లకు ఒక విన్నపం. ఉల్లిపొరకు రంగు వేసి చుక్క చూపించినప్పుడు, రంగు అంటని చోట కూడా బతుకు ఉందని అదే నిమిషంలో చెప్పండి. ఊళ్లో తాటిచెట్టు ఉంటే పిల్లలను దాని కిందికి తీసుకెళ్లి, కేంద్రకం లేని కణాల గుండా పారే రసం ధారను చూపించండి.